బీచ్ హౌస్ మొదటి ఆల్బమ్ (2006): ముందు ఇదే వినాలంటాను, కాదనేవాళ్ళు రండి

రేపల్లె_రేడియో
ఈమధ్య ఎవరు బీచ్ హౌస్ అనే అమెరికన్ బ్యాండ్ గురించి అడిగినా అందరిదీ ఒకటే సలహా. ముందు 2010 నాటి టీన్ డ్రీమ్ ఆల్బమ్ విను, తరవాత 2012లో వచ్చిన బ్లూమ్ విను, అవి నచ్చితే అప్పుడు వెనక్కి వెళ్ళు అని. నా మాట వేరు. 2006 అక్టోబరులో కార్‌పార్క్ రికార్డ్స్ వాళ్ళు విడుదల చేసిన మొదటి ఆల్బమ్ ఉంది చూశారా, బ్యాండ్ పేరే దానికీ పేరు, ముందు అది వినాలి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇద్దరే మనుషులు. విక్టోరియా లెగ్రాండ్ పాడుతుంది, ఆర్గాన్ వాయిస్తుంది. అలెక్స్ స్కాలీ గిటార్. డ్రమ్మర్ లేడు, లయంతా మిషనే. 2004 ప్రాంతంలో బాల్టిమోర్‌లో కలిశారు, స్కాలీ ఇంటి బేస్‌మెంట్‌లో 4 ట్రాకుల రికార్డర్ పెట్టుకుని 2 రోజుల్లో ఈ ఆల్బమ్ రికార్డు చేసేశారు. 9 పాటలు, మొత్తం కలిపి ముప్పావు గంట కూడా ఉండదు.

తరవాతి ఆల్బమ్‌లలో శబ్దం ఎంత నిండుగా ఉంటుందంటే ఏది ఆర్గానో ఏది గిటారో పట్టుకోలేం. బాగానే ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ ఇందులో ఒక్కో వాయిద్యం విడివిడిగా దొరుకుతుంది. మొదటి పాట సాల్ట్‌వాటర్ పెట్టండి. ముందు మిషన్ కొట్టే లయ, దాని మీద ఆర్గాన్, ఆ తరవాత గొంతు. అంతే, దాచడానికి ఏమీ లేదు. అయినా గది నిండిపోతుంది. ఎలా నిండుతుందో అర్థం చేసుకుంటే తరవాతి ఆల్బమ్‌లన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

చార్మినార్_చిల్లర
అన్నా, నీ మాట మీద గౌరవంతోటి రాత్రి మొత్తం విన్న. నాలుగో పాటకు వచ్చేసరికి ఇది మొదటి పాటనే మళ్ళ పెట్టిన్నా ఏంది అని ఫోన్ చూసుకున్న. అన్నీ ఒకటే స్పీడ్. ఇగ ఆ డ్రమ్స్ ఏందన్నా? పెళ్ళి ఆర్కెస్ట్రాల కీబోర్డు ఆయన రిథమ్ బటన్ నొక్కి చాయ్ తాగనీకి పోయినట్టుంది.

నిద్రమబ్బు
😂😂 చాయ్ తాగడానికి పోయాడు అది సూపర్

నేనైతే బీచ్ హౌస్‌కి స్పేస్ సాంగ్ ద్వారా వచ్చా, అందరిలాగే రీల్స్‌లో విని. అది 2015 ఆల్బమ్‌లోది అని కూడా తర్వాత తెలిసింది. ఈ మొదటి ఆల్బమ్ విందామని చాలాసార్లు అనుకున్నా కానీ కవర్ చూసి ఎందుకో ఆగిపోయేదాన్ని. సౌండ్ క్వాలిటీ అంత బాగుండదు అంటారు నిజమేనా?

సైడ్‌బీ_శీను
చిల్లర తమ్ముడూ, నువ్వు వెక్కిరించావు గానీ నిజానికి దగ్గరగానే వచ్చావు. అది నిజంగా బటన్ నొక్కితే వచ్చే లయే. 70లలో, 80లలో అమెరికాలో మధ్యతరగతి ఇళ్ళల్లో చిన్న ఆర్గాన్లు ఉండేవి. వాటిల్లో వాల్ట్జ్, బోసా నోవా, రాక్ అని వరసగా బటన్లు, ఒకటి నొక్కితే టిక్ టిక్ మంటూ లయ నడుస్తుంది, ఇంట్లో పెద్దావిడ చర్చి పాట వాయించుకుంటుంది. ఆ తరం సరుకు తరవాత పాత సామాన్ల షాపుల్లోకి చౌకగా వచ్చి పడింది, చేతిలో డబ్బుల్లేని బ్యాండ్లు కొనుక్కున్నాయి. డ్రీమ్ పాప్‌లో (అదే, కలలో వినిపిస్తున్నట్టు మసకగా ఉండే ఈ తరహా సంగీతంలో) ఆ లయకు ఉన్న సుగుణం ఏంటంటే అది పెరగదు, తగ్గదు, ఉత్సాహపడదు. మనిషి డ్రమ్మర్ అయితే పల్లవి రాగానే చెయ్యి కాస్త గట్టిగా పడుతుంది, ఆపుకోలేడు. మిషన్‌కి పల్లవీ చరణం ఒకటే. అందుకని పాటలో ఎక్కడైనా బరువు పెరిగిందంటే ఆ పెంచిన బరువంతా గొంతూ ఆర్గానూ మొయ్యాల్సిందే.

ఇక సౌండ్ క్వాలిటీ అడిగిన అమ్మాయికి: 4 ట్రాకులంటే ఏమిటో చెప్తే నీకే తెలిసిపోతుంది. ఒకేసారి నాలుగే శబ్దాలు విడివిడిగా దాచుకోవచ్చు. లయ ఒకటి, ఆర్గాన్ ఒకటి, గిటార్ ఒకటి, గొంతు ఒకటి, అయిపోయింది. ఇంకో గిటార్ కావాలా? ఇంకో గొంతు వరస కావాలా? అప్పుడు గొంతు రికార్డు చెయ్యకముందే మొదటి మూడింటినీ కలిపి ఖాళీగా ఉన్న నాలుగో ట్రాకు మీదికి ఎక్కించాలి, ఖాళీ అయిన మూడింటి మీద కొత్తవి రికార్డు చేసుకోవాలి. ఇలా ఎక్కించిన ప్రతిసారీ కాస్త సొన (అదే, సన్నటి ఇసుక రాలుతున్నట్టు హిస్ వస్తుంది చూడు, మా రికార్డింగ్ గదిలో మేం అలాగే అనేవాళ్ళం) పెరుగుతుంది, పై స్థాయి శబ్దాలు కాస్త మొద్దుబారతాయి. పైగా ఒకసారి కలిపేశాక ఆర్గాన్ ఎక్కువైందే అని తగ్గించడానికి వీల్లేదు. కంప్యూటర్‌లోలాగా వెనక్కి వెళ్ళే బటన్ లేదు. కాబట్టి 4 ట్రాకుల మీద పనిచేసేవాడు ప్రతి శబ్దానికీ ముందే ఆలోచిస్తాడు, ఇది లేకపోతే పాట నిలబడుతుందా అని. నిలబడితే పెట్టడు. ఆ ఆల్బమ్ పల్చగా వినిపిస్తుందంటే సగం కారణం అది.

క్వాలిటీ బాలేదా అంటే, మసక ఉంది. మసక ఉండటం, బాలేకపోవడం రెండూ వేరు.

రేపల్లె_రేడియో
శీనన్నా, సరిగ్గా నేను చెప్పలేకపోయింది చెప్పారు. ఈ ముక్క పైన పిన్ చెయ్యమని అడ్మిన్‌ని అడుగుతా.

చార్మినార్_చిల్లర
గదంతా ఒప్పుకుంటా శీనన్నా. కష్టపడి చేసిండ్రు, పైసల్లేకుండ చేసిండ్రు. కానీ వినేటోనికి గది ఎందుకు? తక్కువ సామాన్లతోటి చేసిండ్రని మార్కులు ఎక్కువ వెయ్యాల్నా? టీన్ డ్రీమ్‌ల అదే మనుషులు, అదే గొంతు, ఇంకా మంచిగ చేసిండ్రు. సబ్ పాప్ అసొంటి పెద్ద లేబుల్, స్టూడియో, ప్రొడ్యూసర్, అన్నీ దొరికినయ్. అప్పుడు ముందుది రఫ్ కాపీ అయితది కదా.

శ్రుతిలయ_సుధ
రఫ్ కాపీ అనే మాట దగ్గర నేను ఒప్పుకోను. పదమూడేళ్ళు సంగీతం పాఠాలు చెప్పినదాన్ని, చెవితో మాట్లాడతాను, గేర్ గురించి నాకు తెలీదు.

ఆ అమ్మాయి గొంతు గమనించండి. సుశీలగారూ జానకిగారూ పాడిన పాటలు వింటూ పెరిగిన చెవికి ఆడ గొంతు అంటే పై స్థాయిలో సన్నగా మెరుస్తూ ఉండాలి. ఈవిడ మంద్రంలో ఉంటుంది. నేను మొదటిసారి విన్నప్పుడు మా అబ్బాయి మగవాడు పాడుతున్నాడనే అనుకున్నాడు, వాడొక్కడే కాదు, ఇంగ్లీషు వినేవాళ్ళల్లో కూడా చాలామంది అలాగే అనుకున్నారట. కింది స్థాయిలో పాడేటప్పుడు మామూలుగా మనుషులు నెమ్మదిగా, గుసగుసగా పాడతారు. ఈవిడ అక్కడ కూడా పూర్తి ఊపిరితో పాడుతుంది. పాశ్చాత్య శాస్త్రీయ గానం నేర్చుకున్న మనిషి అని తెలుస్తూనే ఉంటుంది. మిషేల్ లెగ్రాండ్ అని ఫ్రెంచ్ సంగీత దర్శకుడు, మూడు ఆస్కార్లు వచ్చాయి, ఆయనకు ఈవిడ మేనకోడలో అన్నకూతురో, ఆ వరస. పుట్టింది కూడా పారిస్‌లోనే.

అయితే మొదటి ఆల్బమ్‌లో ఆ నేర్చుకున్నది బయటికి చూపించదు. ఆపిల్ ఆర్చర్డ్ అనే పాటలో స్వరం చివర ఎలా వదిలేస్తుందో వినండి. గమకం ఉండదు, వైబ్రాటో (స్వరాన్ని సన్నగా వణికించడం) దాదాపు ఉండదు, స్వరాన్ని పట్టుకుని తిన్నగా తీసుకెళ్ళి అలాగే కింద పెట్టేస్తుంది. టీన్ డ్రీమ్‌కి వచ్చేసరికి గొంతు తెరిచి పై స్థాయికి వెళ్ళడం మొదలుపెట్టింది, అది ఇంకో అందం. రెండూ వేరు వేరు నిర్ణయాలు. ఒకటి చిత్తు, ఒకటి సాపు అనడం కుదరదు.

నిద్రమబ్బు
సుధగారూ 🙏 ఇప్పుడే ఆపిల్ ఆర్చర్డ్ పెట్టా. ఆ చివర్లు వదిలేయడం అన్నారు కదా, అది వినిపించింది. మామూలుగా అయితే నేను పట్టించుకునేదాన్ని కాదు.

లిరిక్స్ మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు 😭 నా ఇంగ్లీషేనా సమస్య

పొడుగు_వాక్యం
నీ ఇంగ్లీషు కాదు సమస్య, ఈ తరహా సంగీతమే అలాంటిది, 80లలో స్కాట్లండ్ నుంచి కాక్టో ట్విన్స్ వచ్చి అర్థంలేని అక్షరాలతో పాడి కూడా మనుషుల్ని ఏడిపించారు, 90లలో కాలిఫోర్నియాలో మ్యాజీ స్టార్ అనే బ్యాండ్ పేరుతో ఇంకో ఇద్దరు, హోప్ సాండొవల్, డేవిడ్ రోబక్, ఆవిడ నిద్రలో మాట్లాడుతున్నట్టు పాడేది ఆయన పక్కన గిటార్ ఈడ్చేవాడు, బీచ్ హౌస్ మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు రాసినవాళ్ళల్లో సగంమంది ఆ మ్యాజీ స్టార్ పేరే ఎత్తారు, ఇంకొంతమంది నికో అనే జర్మన్ గాయని పేరు ఎత్తారు గొంతు కింద ఉంటుంది కాబట్టి, ఈ వరసలో సాహిత్యం అంటే మన వేటూరిగారిదో సిరివెన్నెలగారిదో చదివినట్టు కూర్చుని చదివేది కాదు, ఒక మాట తేలి పైకి వస్తుంది, నది, ఇల్లు, చిన్నతనం, ఆ మాట చుట్టూ ఉన్నదంతా మునిగే ఉంటుంది, అంతే చాలు.

నాకు మాత్రం ఇందులో చైల్డ్‌హుడ్ అనే పాట ఎక్కలేదు, ఎన్నిసార్లు విన్నా మధ్యలో ఖాళీగా అనిపిస్తుంది, టోక్యో విచ్‌లో వేలికి గొట్టం తొడుక్కుని తీగల మీద జార్చి వాయించే గిటార్ ఉంది చూశారా దానికి మాత్రం ఆస్తి రాసిచ్చేస్తా.

సైడ్‌బీ_శీను
ఆస్తి ఏముందని గురూ రాసివ్వడానికి, క్యాసెట్లేగా.

స్లయిడ్ మాట నిజం. స్కాలీ గిటార్‌తో తీగలన్నీ కలిపి బరబరా కొట్టడం ఈ ఆల్బమ్‌లో చాలా తక్కువ. ఒక్కో స్వరం తీసుకుని జార్చుతాడు. ఆర్గాన్ ఎలాగూ తెరిపి లేకుండా నిలిచి ఉంటుంది, గిటార్ కూడా నిలబెడితే ఊపిరాడదు. అందుకని గిటార్ చేత పాడించాడు. ఇద్దరే ఉన్నప్పుడు ఎవరు ఏ జాగా తీసుకోవాలో ఇంత తెలివిగా పంచుకోవడం మొదటి ఆల్బమ్‌లో అరుదు.

మేరీలాండ్_మావయ్య
ఆలస్యంగా వచ్చాను, క్షమించండి, వారమంతా పని.

నేను బాల్టిమోర్‌కి దగ్గర్లో ఉంటాను, ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళ పైమాటే. మన తెలుగువాళ్ళు ఎక్కువమంది హోవర్డ్ కౌంటీ వైపు ఇళ్ళు కొనుక్కుంటారు, బాల్టిమోర్ అనగానే అమ్మో అటు వెళ్ళకండి అంటారు. ఊరి పరిస్థితి అప్పట్లో అలాగే ఉండేది. ఓడల తయారీ, ఉక్కు, బట్టల మిల్లులు, అన్నీ మూతపడుతూ వచ్చాయి, జనం ఖాళీ చేసి వెళ్ళిపోయారు. అయితే దాని ఇంకో వైపు ఇది: అద్దెలు న్యూయార్క్‌తో పోలిస్తే లెక్కలోకి రానంత తక్కువ. ఇటుకల ఇళ్ళు వరసగా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, కింద బేస్‌మెంట్. పాత ఫ్యాక్టరీ భవనాల్లో కుర్రాళ్ళు చేరి బొమ్మలు వేసేవాళ్ళు, పాటలు వాయించేవాళ్ళు. కాపీక్యాట్ బిల్డింగ్ అని ఒకటి ఉంది, వామ్ సిటీ అనే గుంపు, డాన్ డీకన్ వాళ్ళు అక్కడే ఉండేవాళ్ళు. వాళ్ళది చెవులు పగిలే సంగీతం, ఒళ్ళు తెలియని గెంతులు. అదే ఊళ్ళో అదే రోజుల్లో వీళ్ళిద్దరూ నెమ్మదిగా ఆర్గాన్ వాయించుకుంటూ కూర్చున్నారు. స్కాలీ ఆ ఊరివాడే. లెగ్రాండ్ చదువయ్యాక ఇక్కడికి వచ్చింది.

న్యూయార్క్‌లో ఉండి ఉంటే గది అద్దె కోసమే రెండు ఉద్యోగాలు చెయ్యాల్సి వచ్చేది, ఈ నెమ్మది వచ్చేది కాదేమోనని నా అనుమానం. పేరు చూసి సముద్రపు ఒడ్డున ఇల్లు అనుకోకండి బాబూ. బాల్టిమోర్‌లో రేవు ఉంది గానీ ఇసుక తిన్నెల బీచ్ లేదు, దానికి ఓషన్ సిటీ దాకా రెండున్నర మూడు గంటలు కారు తోలాలి, వేసవి శనివారం అయితే వంతెన దగ్గర ఇంకో గంట.

చార్మినార్_చిల్లర
మావయ్యగారూ, వంతెన ముచ్చట మంచిగుంది.

సరే, మరి ఎవరూ మాట్లాడని సంగతి ఒకటి నేను ఎత్తుతా. లవ్లియర్ గర్ల్. ఆ పాట వీళ్ళది కాదు. 1972ల ఇంగ్లండ్‌ల టోనీ, కారో అండ్ జాన్ అని ముగ్గురు సొంతంగ వేసుకున్న రికార్డుల స్నోడన్ సాంగ్ అని ఉంది. ట్యూన్ అదే. పేరు మార్చిండ్రు. ఆల్బమ్ మొదలు వచ్చినప్పుడు ఆ ముగ్గురి పేరు లేదు. దీన్ని ఏమంటరు?

రేపల్లె_రేడియో
తెలుసు, దాచాలనేమీ లేదు. తరవాత వాళ్ళ పేరు చేర్చారు కదా.

చార్మినార్_చిల్లర
తర్వాత చేర్చిండ్రు, ఎందుకు చేర్చిండ్రు, ఎవరో అడిగితే చేర్చిండ్రు. 1972 రికార్డు, చాలా కొద్ది కాపీలే వేసిండ్రు, ఎవరికి తెలుస్తది అనుకున్నరు. గీ బేస్‌మెంట్, గీ పేదరికం, గీ నిజాయితీ అని అందరు పొగుడుతున్నరు కాబట్టి అడుగుతున్న.

పొడుగు_వాక్యం
ఇందులో నేను చిల్లర పక్షమే, ఎందుకంటే ఇంకో సంగతి కూడా కలిపి చూడాలి, 2012లో ఒక కారు కంపెనీ ప్రకటన కోసం టేక్ కేర్ పాట ఇవ్వమని అడిగితే వీళ్ళు ఇవ్వలేదు, ఆ తరవాత ఆ ప్రకటనలో అచ్చం అదే ధోరణిలో ఇంకో పాట చేయించి పెట్టారు, అప్పుడు వీళ్ళు బాధపడ్డారు, బాధపడటం న్యాయమే, కానీ ఆ బాధ 1972 ముగ్గురికి కూడా ఉంటుంది కదా, మరి మన సినిమా పాటల్లో ట్యూన్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో లెక్క తీస్తే మనం ఎవరినీ వేలెత్తి చూపించలేమనుకోండి అది వేరే థ్రెడ్‌లో మాట్లాడుకుందాం లేకపోతే ఇక్కడ రాత్రి తెల్లారిపోతుంది.

శ్రుతిలయ_సుధ
తప్పు తప్పే. అంతమాత్రాన మిగిలిన ఎనిమిది పాటలు చెడిపోవు. నాకు ఆ ఒక్క పాట వింటున్నప్పుడు ఇప్పటికీ కొంచెం చిరాకు ఉంటుంది, దాటేసి వెళ్ళిపోతాను. ఆర్బర్న్ అండ్ ఐవరీ దగ్గర మళ్ళీ కూర్చుంటాను. మూడు దెబ్బల నడక, వాల్ట్జ్ లాగా ఊగుతుంది, ఆ వరసలో వచ్చే స్వరాలు ఎంత చల్లగా ఉంటాయో అంత భయంగానూ ఉంటాయి. ఎవరూ దాని గురించి రాయలేదేం?

మేరీలాండ్_మావయ్య
సుధగారూ, అది ఆబర్న్. ఆర్బర్న్ కాదు. పాట విషయంలో మాత్రం మీతో నూటికి నూరు.

నిద్రమబ్బు
ఒక్క నిమిషం ఆగండి. మాస్టర్ ఆఫ్ నన్ వింటున్నా. ఇది నాకు ముందే తెలుసు!! ఎక్కడో విన్నా. వీకెండ్ పాటలోనా???

సైడ్‌బీ_శీను
అవును. 2011లో టొరంటో గాయకుడు ద వీకెండ్ ఉచితంగా నెట్‌లో పెట్టిన హౌస్ ఆఫ్ బెలూన్స్ మిక్స్‌టేప్‌లో ద పార్టీ అండ్ ది ఆఫ్టర్ పార్టీ అని ఏడున్నర నిమిషాలకు పైగా ఉండే పాట ఉంటుంది. దాని కిందంతా నడిచేది మాస్టర్ ఆఫ్ నన్. అదే మిక్స్‌టేప్‌లో లాఫ్ట్ మ్యూజిక్ కింద వినిపించేది గీలా, అది వీళ్ళ రెండో ఆల్బమ్ డివోషన్‌లోది, 2008. ఆ తరవాత 2012లో ర్యాపర్ కెండ్రిక్ లమార్ పాట మనీ ట్రీస్‌కి టీన్ డ్రీమ్ నుంచి సిల్వర్ సోల్ తీసుకున్నారు.

ఇప్పుడు చిల్లర తమ్ముడికి నా ప్రశ్న. నువ్వు పెళ్ళి ఆర్కెస్ట్రా అన్న ఆ లయ, ఆ పల్చని శబ్దం, ర్యాప్ వాళ్ళూ ఆర్ అండ్ బీ వాళ్ళూ ఎందుకు ఎత్తుకెళ్ళారు? పల్చగా ఉంది కాబట్టే. పాట నిండా శబ్దం ఉంటే దాని మీద ఇంకోడు పాడటానికి చోటుండదు. బేస్‌మెంట్‌లో చోటు మిగిల్చారు, అయిదేళ్ళ తరవాత టొరంటో కుర్రాడు వచ్చి అందులో కాపురం పెట్టాడు.

చార్మినార్_చిల్లర
వీకెండ్‌ది అదా!! ఆ పాట నేను కాలేజీల వెయ్యిసార్లు విన్న అన్నా. ఇగో, ఇప్పుడే మాస్టర్ ఆఫ్ నన్ పెట్టిన.

సరే. ఈ ఒక్కటి మస్తుంది. ఈ ఒక్కటే.

రేపల్లె_రేడియో
ఒక్కటి ఒప్పుకున్నావ్, ఇంకా ఎనిమిది ఉన్నాయి. సరే ఏడు, లవ్లియర్ గర్ల్ నీ లెక్కలో తీసేద్దాం.

కొత్తగా వినేవాళ్ళకి ఒక మాట. లాప్‌టాప్ స్పీకర్లో వినకండి, ఆర్గాన్ కింది స్వరాలన్నీ పోతాయి, మిగిలేది టిక్ టిక్ ఒక్కటే, అప్పుడు చిల్లర చెప్పిందే నిజమనిపిస్తుంది. మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. వరసలో వినండి, షఫుల్ పెట్టకండి. హౌస్ ఆన్ ద హిల్ నుంచి హార్ట్ అండ్ లంగ్స్‌కి మారే చోటు వరసలో వింటేనే బాగుంటుంది.

పొడుగు_వాక్యం
హార్ట్ అండ్ లంగ్స్ అయిపోయాక సీడీ ఆపకండి అని కూడా చెప్పు, కాసేపు ఏమీ ఉండదు, చాలామంది అయిపోయిందనుకుని తీసేస్తారు, తరవాత రెయిన్ ఇన్ నంబర్స్ అని పియానో పాట ఒకటి దాచిపెట్టారు, పేరు అట్ట మీద కూడా ఉండదు, పియానో శ్రుతి కాస్త తప్పినట్టు వినిపిస్తుంది, నాకైతే మొత్తం ఆల్బమ్‌లో అదే ఎక్కువ ఇష్టం.

నిద్రమబ్బు
సీడీ ఎక్కడిది అంకుల్ నా దగ్గర 😅 ప్లేయర్ కూడా లేదు. యాప్‌లో ఆ పాట దొరుకుతుందా?

పొడుగు_వాక్యం
అంకుల్ ఏంటి నాకు ముప్పై నాలుగే.

సైడ్‌బీ_శీను
2017లో బీ సైడ్స్ అండ్ రారిటీస్ అని విడి పాటలన్నీ కలిపి ఒక ఆల్బమ్ వేశారు, అందులో పెట్టారు. ఆ పేరుతో వెతుకు, వస్తుంది.

చార్మినార్_చిల్లర
నేను సుత వెతుకుతున్న. నచ్చకపోతే రేపు వచ్చి మళ్ళ తిడతా, లైన్ల ఉండుండ్రి.